ఆల్బమా, శుభలేఖా, ఫ్లెక్సీనా: ఏ పనికి ఏ డిజైన్ సాఫ్ట్‌వేర్

ఫొటోషాప్ తీసుకోవాలా, కోరెల్ చాలా, ఊరికే వచ్చే జింప్‌తో నెట్టుకురావచ్చా అని అడిగేవాళ్లను తిరిగి రెండు ప్రశ్నలు అడగాలి. మీ ఫైలు చివరికి ఏ మిషను మీదికెక్కుతుంది? అందులో తెలుగు ఎంత ఉంటుంది? ఫిల్టర్లు ఎన్ని, ఏఐ బటన్ ఉందా అన్నవి తర్వాతి సంగతి. ఫొటో ల్యాబ్‌కి వెళ్లే ఆల్బమ్ షీటును చక్కగా చేసిపెట్టే సాఫ్ట్‌వేరే ఆఫ్‌సెట్ ప్రెస్సుకి వెళ్లే శుభలేఖ దగ్గర చేతులెత్తేస్తుంది. శుభలేఖలో దిట్టమైనది ఫ్లెక్సీ కొలతలు చూసి బెదురుతుంది. కాబట్టి పేర్ల వెంట కాకుండా పనుల వెంట వెళ్దాం. అన్నిటికీ ముందు అక్షరాల సంగతి తేల్చుకోవాలి.

స్త్రీ, జ్ఞానం, పెళ్లి, సాఫ్ట్‌వేర్

కొత్త సాఫ్ట్‌వేర్ ట్రయల్ దించుకోగానే అందరూ ముందు ఒక ఫొటో తెరుస్తారు. తెలుగు పని చేసేవాళ్లు ముందు టెక్స్ట్ టూల్ పట్టుకోవాలి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ తెలుగుగా గుర్తించే పద్ధతిలోది) ఒకటి ఎంచుకుని పైన రాసిన నాలుగు మాటలూ టైప్ చేయండి.

యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్న అక్షరం కంప్యూటర్ కడుపులో ఒక్క ముక్కగా ఉండదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి అని వరసగా ఆరు ముక్కలుంటాయి. త వత్తు కిందికి దిగాలి, రావత్తు దాని పక్కన చేరాలి, గుడి స తల మీదికెక్కాలి. ఈ నియమాలు ఫాంటులోనే రాసి ఉంటాయి. వాటిని చదివి అక్షరాన్ని పేర్చే పని మాత్రం సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని చేతకాని సాఫ్ట్‌వేర్‌లో ‘స్‌త్‌రీ’ అని మూడు ముక్కలు పక్కపక్కన నిలబడతాయి. ‘జ్ఞానం’ కాస్తా ‘జ్‌ఞానం’ అవుతుంది. నాలుగో మాట ఇంకో పరీక్ష. ‘సాఫ్ట్‌వేర్’లో ట తర్వాత పొల్లు నిలవడానికి కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టించుకోని చోట వ వచ్చి ట కింద వత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కొన్నిచోట్ల ఆ గుర్తు ఉన్న దగ్గర ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫొటోలు దిద్దే జింప్, పేజీలు పేర్చే స్క్రైబస్ 1.6, ఈ మూడు ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఈ పరీక్షలో ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే గట్టెక్కుతాయి. విచిత్రం ఏమిటంటే, నెలనెలా డబ్బు కట్టే అడోబీ వాటిలోనే ఒక మీట వెతికి నొక్కాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవాలి. ఈ మార్పు కొత్తగా రాసే టెక్స్ట్ లేయర్లకే వర్తిస్తుంది. పాత లేయరు అలాగే విరిగి ఉంటే సెట్టింగు పనిచేయలేదని అనుకోకండి, ఆ లేయరును మళ్లీ టైప్ చేయండి. ఇటీవలి వెర్షన్లలో పారాగ్రాఫ్ ప్యానెల్ మూల మెనూలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో ‘షో ఇండిక్ ఆప్షన్స్’ టిక్ పెట్టి, పారాగ్రాఫ్ ప్యానెల్ మూల మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ (లైన్లను, అక్షరాలను పేర్చే భాగం) ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో కూడా అదే మూల మెనూ. అయితే అక్కడ ఒక్కో పేరాకి పెట్టుకుంటూ కూర్చోకుండా, పారాగ్రాఫ్ స్టైల్‌లోని జస్టిఫికేషన్ పేజీలో కంపోజర్‌ను మార్చేస్తే పుస్తకమంతా ఒకేసారి కుదురుకుంటుంది.

కోరెల్‌డ్రాలో యూనికోడ్ తెలుగు సరిగా కూర్చోవడం 2012 నాటి ఎక్స్6 నుంచి మొదలైంది. ఎక్స్3, ఎక్స్4 వాడే షాపులో యూనికోడ్ తెలుగు అతికించి ‘అక్షరాలు విరిగిపోతున్నాయి’ అని తల పట్టుకోవడం దండగ. అది ఫాంటు తప్పు కాదు, ఆ వెర్షన్‌కి ఆ విద్య రాదు.

అఫినిటీ విషయంలో జాగ్రత్త. ఫొటో పనికీ, సీఎంవైకే (ప్రెస్సు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) లేఅవుట్‌కీ గట్టి సాఫ్ట్‌వేరే. 2024లో దాన్ని కాన్వా కొనేసింది. 2025 అక్టోబరులో మూడు ప్రోగ్రాములనూ ఒకటిగా కలిపి ఉచితం చేసింది. కానీ దాని మొదటి, రెండో తరాల వెర్షన్లకు భారతీయ లిపులను పేర్చడం రాదు. కొత్తదాన్ని దించుకున్నా పై నాలుగు మాటలతో పరీక్షించాకే పని ఒప్పుకోండి. అక్షరాలు విరిగితే ఒక దొడ్డిదారి ఉంది. తెలుగు లైనును ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి, ఎస్‌వీజీ అనే గీతల బొమ్మ ఫైలుగా సేవ్ చేసి, అఫినిటీలోకి తెచ్చి రంగు మార్చుకోవాలి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లున్న రెండు లైన్లకు ఇది హాయిగా సరిపోతుంది. పేజీ నిండా మ్యాటర్ ఉంటే మాత్రం నరకం. ఒక్క అక్షర దోషం దిద్దాలన్నా మళ్లీ మొదటికి రావాలి.

అను ఫాంట్లు వదలాలా?

పాత డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను స్క్రిప్ట్ మేనేజర్ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను పట్టుకుని ఉండటానికి కారణం బద్ధకమొక్కటే అనుకోవడం పొరపాటు. అను ఫాంట్లలో తెలుగు అక్షర భాగాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. అందుకే సాఫ్ట్‌వేర్‌కి అది తెలుగు అని తెలియనక్కర్లేదు. వత్తు కూడా విడి బొమ్మే, టైప్ చేసిన చోట వచ్చి కూర్చుంటుంది. అక్షరాలను పేర్చే విద్య (షేపింగ్) రాని పాత పేజీల సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లోనూ, పాత కోరెల్‌లోనూ తెలుగు నిలబడిందంటే ఈ కిటుకు వల్లే. హెడ్డింగులకు పనికొచ్చే రకరకాల అక్షరాలు అందులో ఉన్నాయి, చేతికి అలవాటైన కీబోర్డు ఉంది.

నష్టం ఎక్కడంటే, ఆ టెక్స్టు ఆ ఫాంటు లేని చోట పిచ్చి గీతలవుతుంది. వాట్సాప్‌లో కస్టమర్ పంపిన యూనికోడ్ మ్యాటర్ నేరుగా అతికించలేరు, మళ్లీ టైప్ చేయాలి. మళ్లీ టైప్ చేసిన ప్రతిసారీ ఒక ఇంటిపేరు తప్పు పడే అవకాశం ఉంటుంది. పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు. వెబ్‌సైట్‌కి ఇవ్వాలంటే కన్వర్టర్ కావాలి. కన్వర్టర్‌కేమో ఇంగ్లిష్ మాటా తెలుగు మాటా ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని వేరు చేసేది ఫాంటు పేరొక్కటే, మామూలు టెక్స్టుగా కాపీ చేయగానే అది పోతుంది. అందుకే మార్చాక ఫోన్ నంబర్లు, కొటేషన్ గుర్తులు, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు తారుమారవుతాయి. ప్రూఫ్ చదివేటప్పుడు ముందు వాటినే చూడాలి.

మా లెక్క ఇలా ఉంటుంది. మ్యాటర్ కస్టమర్ నుంచి ఫోన్‌లో వస్తున్నా, పని పుస్తకమో వెబ్ పేజీయో అయినా యూనికోడ్‌కి మారిపోండి. ఫ్లెక్సీ మీద నాలుగు పెద్ద మాటలు రాసి కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మగా మార్చి, పంపేసే పనైతే అను ఉండనివ్వండి, అక్కడ దాంతో ఇబ్బంది లేదు. అక్షరాలు నచ్చకే ఆగిపోతున్నామంటే ఇప్పుడా సాకు పెద్దగా చెల్లదు. రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, రామరాజ, గిడుగు, తెనాలి రామకృష్ణ లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటితోపాటు సన్నం నుంచి లావు దాకా పలు బరువుల్లో దొరికే అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు, పుస్తకానికి నప్పే టీరో తెలుగు కూడా.

ఆల్బమ్: ఇక్కడ సీఎంవైకే ఊసు వద్దు

మన దగ్గర పెళ్లి ఆల్బమ్ అంటే ఎక్కువగా 12×36 అంగుళాల షీటు. 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర అది 3600×10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షలు. 8 బిట్ ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతిలో) షీటు నిండా పరుచుకున్న ఒక్క లేయరే 117 ఎంబీ దాకా మెమరీ తింటుంది. బ్యాక్‌గ్రౌండ్, దాని మీద నాలుగైదు ఫొటోలు, నీడలు, పూల బొమ్మలు పడ్డాక 8 జీబీ ర్యామ్ ఉన్న మిషను ఆయాసపడుతుంది. 16 జీబీ, స్క్రాచ్ డిస్కుకి (మెమరీ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే డిస్కు జాగాకి) ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ కనీస అవసరం. సీ డ్రైవ్ నిండిపోయి ఉన్నప్పుడు వచ్చే ‘స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్’ అన్న మాటకు మందు ర్యామ్ కొనడం కాదు. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్‌ను ఖాళీ డ్రైవ్‌కి మార్చితే చాలు. ఫైలు 2 జీబీ దాటితే ఫొటోషాప్ మామూలు ఫైలు రకమైన పీఎస్‌డీగా సేవ్ కాదు, పెద్ద ఫైళ్ల రకం పీఎస్‌బీ ఎంచుకోవాలి.

ఈ పనికి ఫొటోషాపే ఎందుకు ఏలుతోందంటే దాని పనితనంతో పాటు చుట్టూ పేరుకున్న సరుకు వల్ల కూడా. మార్కెట్లో దొరికే 12×36 టెంప్లేట్లు దాదాపు అన్నీ పీఎస్‌డీలే. లోపల స్మార్ట్ ఆబ్జెక్టులు, క్లిప్పింగ్ మాస్కులు, లేయర్ స్టైల్స్ ఉంటాయి. అదే ఫైలును జింప్‌లో తెరిస్తే లేయర్లు వస్తాయి, కానీ స్మార్ట్ ఆబ్జెక్టు మామూలు బొమ్మగా మారిపోతుంది. డబుల్ క్లిక్ చేసి ఫొటో మార్చే సుఖం పోతుంది. 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0లో ఫిల్టర్లను వేశాక కూడా మార్చుకునే వీలు వచ్చింది, అది పెద్ద మెరుగే. టెంప్లేట్లు కొనుక్కుని రోజుకు ఇరవై షీట్లు దించే డిజైనర్‌కి మాత్రం అది చాలదు. సొంతంగా, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద రెండు మూడు పెద్ద ఫొటోలతో సాదాగా డిజైన్ చేసేవాళ్లకు అఫినిటీ అయినా, జింప్ అయినా సరిపోతుంది.

ఏది వాడినా ఈ లెక్క తప్పకూడదు. ఆల్బమ్ షీటు సరిగ్గా మధ్యలో, అంటే 18 అంగుళాల దగ్గర మడత పడుతుంది. ఆ గీతకు అటూ ఇటూ అర అంగుళం మేర ముఖాలు, పేర్లు పెట్టకండి. అంచుల్లో కటింగ్‌కి ఎంత పోతుందో ల్యాబ్‌ని ముందే అడిగి గైడ్లు గీసుకోండి. తలంబ్రాల ఫొటోలో చెయ్యి అంచుకి ఆని ఉంటే వేళ్లు తెగుతాయి.

ఫొటో పేపర్ మీద కాంతితో ముద్రించే ల్యాబ్ మిషన్లకు ఇవ్వాల్సింది ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు వాడే ఆర్‌జీబీ రకం) జేపెగ్. ‘ప్రింటింగే కదా’ అని సీఎంవైకేకి మార్చి ఇస్తే పట్టుచీర ఎరుపు, బంతిపూల నారింజ ముందే చచ్చిపోతాయి, వాటిని మిషను తిరిగి తేలేదు. ఇంకో తప్పు అడోబీ ఆర్‌జీబీ అనే ఇంకో రకంలో సేవ్ చేసి ఇవ్వడం. మిషను ఫైలులోని ప్రొఫైల్ (రంగులు ఏ రకానివో చెప్పే చీటీ) చదవకుండా దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటే రంగులన్నీ వెలిసిపోయినట్టు, ముఖాలు నీరసంగా వస్తాయి. అప్పుడు చాలామంది మానిటర్‌ను తిడతారు.

రా ఫైళ్ల (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫొటోల) వడపోతకి ఫొటోషాప్ వాడకూడదు, దానికి వేరే పనిముట్టు ఉండాలి. మూడు రోజుల పెళ్లికి 3000 ఫ్రేములు, 24 మెగాపిక్సెల్ రా ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ, మొత్తం 75 నుంచి 90 జీబీ. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడే స్మార్ట్ ప్రివ్యూలు కట్టమంటే, పొడవు వైపు 2560 పిక్సెళ్ల చిన్న నకళ్లు తయారవుతాయి. హార్డ్ డిస్క్ ఇంట్లో పెట్టేసి ల్యాప్‌టాప్ మీద రంగులు దిద్దుకోవచ్చు. డార్క్‌టేబుల్ ఉచితం, రంగుల మీద పట్టు గట్టిది, కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ప్రతి స్లైడరుకీ ఒక నిట్టూర్పు విడుస్తుంది. లైట్‌రూమ్‌లో చేసిన దిద్దుబాట్లు అందులోకి యథాతథంగా రావు కాబట్టి సీజన్ మధ్యలో మారకండి. నగలు, చీరల కేటలాగ్ తీసేవాళ్లు, అంటే కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి షూట్ చేసేవాళ్లు, క్యాప్చర్ వన్ ట్రయల్ ఒకసారి చూడాలి. దానికి చందాతో పాటు ఒక్కసారి కొనుక్కునే లైసెన్సు కూడా ఉంది.

శుభలేఖ, పుస్తకం: నలుపు రంగు ఎక్కడ తప్పుతుంది

ఆఫ్‌సెట్ ప్రెస్సులో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. అక్షరాల నలుపు నల్ల ప్లేటు మీద ఒక్కదాని మీదే ఉండాలి. ఆర్‌జీబీలో చేసిన నలుపును ఫొటోషాప్ మామూలు అమెరికన్ సెట్టింగుతో సీఎంవైకేకి మార్చితే వచ్చేది ఇది: సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90. మొత్తం 300 శాతం సిరా. తెర మీద చూస్తే చిక్కటి నలుపే. ప్రెస్సులో ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగితే 9 పాయింట్ల అక్షరానికి అటు గులాబీ, ఇటు నీలం అంచు కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల కంటే తెలుగుకి ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే మన వత్తులు, తలకట్లు సన్నగా, లోపలి ఖాళీలు చిన్నగా ఉంటాయి. రెండు వత్తుల మధ్య సందు సిరాతో పూడిపోతుంది.

అందుకని శుభలేఖకు ఎంచుకునే సాఫ్ట్‌వేర్‌లో ‘బ్లాక్ 100, మిగతావి సున్నా’ అని అక్షరానికి ఇవ్వగలగాలి, అది పీడీఎఫ్ దాకా చెక్కుచెదరకుండా చేరాలి. ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్, కోరెల్‌డ్రా, స్క్రైబస్, అఫినిటీ ఈ పని చేస్తాయి. జింప్‌లో సీఎంవైకే మోడ్ లేదు. ఎగుమతి చేసేటప్పుడు సీఎంవైకేగా రాయగలదు గానీ అక్షరాన్ని ఒక్క నల్ల ప్లేటుకే కట్టిపెట్టే వీలు ఉండదు. ఇంక్‌స్కేప్‌లో రూపం బంగారంలా వస్తుంది, రంగు మాత్రం ఆర్‌జీబీగానే బయటికొస్తుంది. ఆ ఎస్‌వీజీని స్క్రైబస్‌లోకి తెచ్చి, ఎడిట్ మెనూలో రంగుల జాబితా తెరిచి, నలుపును సీఎంవైకేకి మార్చి 100 బ్లాక్ ఇస్తే సమస్య తీరుతుంది.

ఫొటోషాప్‌లో శుభలేఖ మొత్తం చేసేయడం మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. 300 పీపీఐ జేపెగ్‌గా ఇచ్చేస్తే అక్షరం బొమ్మైపోతుంది, వత్తుల అంచులు మసకబారతాయి. తప్పనిసరై ఫొటోషాప్‌లోనే చేస్తే టెక్స్ట్ లేయర్లను కలిపేయకుండా ఫొటోషాప్ పీడీఎఫ్‌గా ఇవ్వండి, అక్షరాలు గీతలుగానే వెళ్తాయి. దేవుడి బొమ్మ, ఫొటో మాత్రం ఫొటోషాప్‌లో తయారుచేసి, మాటలు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో పేర్చడం ఇంకా మేలు.

ఉచితంగా చేయాలనుకుంటే స్క్రైబస్‌లో వరస ఇది. కొత్త డాక్యుమెంట్‌కి కార్డు అసలు కొలత ఇవ్వండి, ఉదాహరణకు 7×5 అంగుళాలు. బ్లీడ్, అంటే కటింగ్ గీత దాటి బయటికి వదిలే భాగం, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మను బ్లీడ్ గీత దాకా లాగండి, మాటలను కటింగ్ గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉంచండి. లైన్ స్పేసింగ్‌ను ఆటోమేటిక్‌కి వదలకండి. ఇంగ్లిష్‌కి మామూలుగా వాడే 120 శాతం లెక్కలో 12 పాయింట్ల అక్షరానికి 14.4 వస్తుంది. పై లైనులో ‘దృష్ట్యా’, కింది లైనులో ‘శ్రీ’ పడితే వత్తూ గుడీ గుద్దుకుంటాయి. 17 నుంచి 18 పాయింట్లు ఇవ్వండి. చివర్లో ప్రెస్సు కోసం ఉన్న పీడీఎఫ్ రకాల్లో ఎక్స్-1ఏ గానీ, ప్రెస్సువాళ్లు ఒప్పుకుంటే ఎక్స్-4 గానీ ఎంచుకుని, ఎగుమతి పేజీలో ‘యూజ్ డాక్యుమెంట్ బ్లీడ్స్’ టిక్ పెట్టండి. ఈ టిక్ మర్చిపోతే బ్లీడ్ గీసినా పీడీఎఫ్‌లోకి రాదు, కార్డు అంచున తెల్ల గీత మిగులుతుంది.

పుస్తకం 200 పేజీలు దాటితే మాత్రం డబ్బులు పెట్టి ఇన్‌డిజైన్ తీసుకోవడం మేలని మా అభిప్రాయం. తెలుగు మాటలు పొడవు. రెండు వైపులా సమం చేస్తే మధ్యలో కాలువల్లాంటి ఖాళీలు పడతాయి. పేరా మొత్తం చూసి లైన్లు విరిచే దాని కంపోజర్‌తో పాటు, భాషను తెలుగుగా పెడితే మాటను విరిచే సదుపాయం కూడా ఉంది. స్క్రైబస్ ఒక్కో లైనునే చూస్తుంది కాబట్టి ఆ ఖాళీలను చేత్తో సర్దుకోవాలి. శుభలేఖకు పట్టని లోటు, పుస్తకానికి వారం రోజుల పని.

ఫ్లెక్సీ షాపులో కోరెల్ ఎందుకు కదలదు

10×20 అడుగుల ఫ్లెక్సీ అంటే 120×240 అంగుళాలు. ఇలస్ట్రేటర్ మామూలు కాన్వాస్ 227 అంగుళాలకే ఆగిపోతుంది. పెద్ద కాన్వాస్‌కి వెళ్లాలి, లేదా పదో వంతు కొలతలో గీసి షాపువాడికి ఆ సంగతి చెప్పాలి. చెప్పడం మరిస్తే 1×2 అడుగుల బొమ్మ తయారై కూర్చుంటుంది. కోరెల్‌డ్రా పేజీ 150 అడుగుల దాకా అసలు కొలతలోనే పోతుంది. కస్టమర్ అడుగుల్లో చెప్తాడు, మిషను అడుగుల్లో కొడుతుంది, మధ్యలో లెక్కలు లేకపోవడమే కోరెల్ బలం. చుట్టుపక్కల షాపులన్నిటిలో సీడీఆర్ (కోరెల్) ఫైళ్లే తిరుగుతున్నప్పుడు మీరొక్కరే ఇంకోటి వాడితే రోజూ ఫైళ్లు మార్చుకోవడంతోనే సరిపోతుంది.

పీపీఐ దగ్గర చాలామంది ఆశపడతారు. ఈ కొలతకి 72 పీపీఐ ఇస్తే 17280×8640 పిక్సెళ్లు, సీఎంవైకేలో దాదాపు 600 ఎంబీ. 300 ఇస్తే అదే పది జీబీ దాటుతుంది, పీఎస్‌డీ 30,000 పిక్సెళ్ల హద్దు ఎప్పుడో దాటిపోతుంది, రోడ్డు మీద నిలబడి చూసేవాడి కంటికి మాత్రం తేడా తెలియదు. అసలు చూసుకోవాల్సింది ఇచ్చిన ఫొటోలో సరుకెంతో. 6000×4000 పిక్సెళ్ల ఫొటోలో నాయకుడి నిలువు పది అడుగులకు సాగితే అంగుళానికి 33 పిక్సెళ్లు పడతాయి, దూరం నుంచి బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల ప్రాంతానికి కుదించుకుపోతుంది. అదే కొలతకు సాగదీస్తే అంగుళానికి పదో పదమూడో, ముఖం గళ్లు గళ్లుగా పడుతుంది. ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని అడగడం ఏ సాఫ్ట్‌వేర్ కొనడం కంటే చవక.

బయటికి పంపే ముందు కోరెల్‌లో అంతా ఎంచుకుని కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయండి, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. కర్వ్స్ చేసిన ఫైలు వేరు, ఎడిట్ చేసుకునే ఫైలు వేరు. ‘పేరులో దీర్ఘం పోయింది, మార్చండి’ అని రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చినప్పుడు రెండోది లేకపోతే మొత్తం మళ్లీ కట్టాలి. అవతలి షాపులో పాత కోరెల్ ఉంటే సేవ్ చేసే పెట్టెలోనే వాళ్ల వెర్షన్ ఎంచుకోవాలి. కర్వ్స్ చేయకుండా పాత వెర్షన్‌కి దించితే యూనికోడ్ అక్షరాలు విరుగుతాయి, కొత్త ఎఫెక్టులు ఊడిపోతాయి.

ఫోన్ స్టేటస్‌లు, ఇన్‌స్టా పోస్టులు, పుట్టినరోజు శుభాకాంక్షల బొమ్మల గురించి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. స్టేటస్‌కైతే 1080×1920, అన్నిటికీ ఎస్‌ఆర్‌జీబీ, కాన్వా చాలు. తెలుగు ఫాంట్లు ఉన్నాయి, ఫోన్‌లోనే అయిపోతుంది. అదే డిజైన్‌ను రేపు ప్రెస్సుకి ఇవ్వాల్సి వస్తుందని ముందే తెలిస్తే మాత్రం అక్కడ మొదలుపెట్టకండి.

చందా కట్టే ముందు

అడోబీలో ఫొటోషాప్ ఒక్కదానికే కట్టే ముందు ఫొటోగ్రఫీ ప్లాన్ ధర చూడండి, అందులో లైట్‌రూమ్ కూడా కలిసి వస్తుంది. ‘ఏడాది ప్లాన్, నెలనెలా చెల్లింపు’ అన్నది నెల ప్లాన్ కాదు. 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాలి. పెళ్లిళ్ల సీజన్‌కి రెండు నెలలే కావాలంటే, ధర ఎక్కువైనా నిజమైన నెల ప్లాన్ తీసుకోవడమే లాభం. కనిపించే ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందో లేదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో అయితే నంబరు ఇచ్చి బిల్లు తీసుకోండి, క్రెడిట్ వస్తుంది.

చందా ఆగిన రోజు ఏం చేతిలో మిగులుతుందో కూడా లెక్కే. పీఎస్‌డీని తెరిచేవి చాలా ఉన్నాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో రంగులు దిద్దే డెవలప్ భాగం మూసుకుపోతుంది, ఫొటోలు చూసుకోవడం, బయటికి తీయడం మాత్రం సాగుతుంది. ఇన్‌డిజైన్ ఫైలును అడోబీవి కాని సాఫ్ట్‌వేర్లు మామూలుగా నేరుగా తెరవలేవు. అందుకే ప్రతి పుస్తకం పూర్తవగానే ఐడీఎంఎల్ (ఇతర సాఫ్ట్‌వేర్లకూ ఇవ్వగల ఇన్‌డిజైన్ నకలు) ఒకటి, ప్రెస్ పీడీఎఫ్ ఒకటి పక్కన దాచాలి. ఐడీఎంఎల్‌ను స్క్రైబస్ కూడా చాలావరకు చదువుతుంది.

పేజ్‌మేకర్ నుంచి దిగేటప్పుడు

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001 నాటిది. యూనికోడ్ దానికి తెలియదు. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్లను తెరిచేది, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. కాబట్టి పాత కంప్యూటర్‌ను ఇచ్చేయకముందే, అందులో పేజ్‌మేకర్, అను ఫాంట్లు పనిచేస్తుండగానే, ప్రతి పీఎండీనీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోండి. మళ్లీ ముద్రణకు ఆ పీడీఎఫ్ చాలు. టెక్స్టు కూడా కావాలంటే పేజ్‌మేకర్ నుంచి ఆర్‌టీఎఫ్‌గా ఎగుమతి చేయండి. మామూలు టెక్స్టులో పోయే ఫాంటు పేరు అందులో నిలుస్తుంది కాబట్టి ఇంగ్లిష్ ముక్కలను ముందే వేరు చేసుకుని మిగతాది కన్వర్టర్‌కి ఇవ్వొచ్చు. పాత ఫాంట్ల ఫోల్డరులో పీఎఫ్‌బీ అన్న తోక ఉన్న ఫైళ్లు కనిపిస్తే అవి టైప్ 1 అనే పాత ఫాంటు రకం. 2023 జనవరి తర్వాతి ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ వాటిని చూపించవు, ఫొటోషాప్ అంతకంటే ముందే మానేసింది. టీటీఎఫ్ తోక ఉన్నవి మాత్రం కొత్త మిషనులోకి మార్చుకోవచ్చు.